సెకనుకొక అంకె

ఆసుపత్రి మూడో అంతస్తులో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవారు, వెనకాల బెత్తం అనేవారు. ఆ పేరు చెవిన పడ్డ రోజు ఆమె నొచ్చుకోలేదు సరికదా, లోలోపల కాస్త మురిసిపోయింది కూడా. మెత్తగా ఉంటే మనుషులు నెత్తికెక్కి కూర్చుంటారని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇరవై ఆరేళ్ళు నెట్టుకొచ్చింది.

ఆమె క్లినికల్ సైకాలజిస్టు. మందులు రాయదు, కత్తి పట్టదు. మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, అతని జ్ఞాపకం ఎంత, శ్రద్ధ ఎంత, ఆలోచన ఎంత చురుకు అన్నది కొలిచి కాగితం మీద పెడుతుంది. తలకు దెబ్బ తగిలిన బస్సు డ్రైవరైనా, రేవులో క్రేను నడిపేవాడైనా తిరిగి పనిలోకి వెళ్ళాలంటే ఆ కాగితం మీద ఆమె సంతకం ఉండాలి. స్కానింగు శుభ్రంగా ఉంది, కుట్లు మానాయి అని ఎంత పెద్ద డాక్టరు రాసిచ్చినా, ఆ సంతకం లేనిదే బండి దగ్గరికి రానివ్వరు.

ఆమెకు రెండు విషయాలంటే ఒళ్ళుమంట. మొదటిది, "ఇంతకీ మీరు డాక్టరేనా?" అన్న ప్రశ్న. రెండోది ఎదురుగది. అందులో ఇంకో సైకాలజిస్టు ఉన్నాడు. ఇద్దరూ ఒకే ఏడాది చదువు ముగించి, ఒకే నెలలో ఉద్యోగంలో చేరారు. తొమ్మిదేళ్ళ కిందట ఒక మీటింగులో ఆయన అందరి ముందూ, "ఆవిడ చేసేది పరీక్ష కాదండీ, పోలీసు విచారణ" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ రోజుతో మాటలు బంద్. ఏదైనా చెప్పుకోవలసి వస్తే చీటీ రాసి అటెండరు చేత పంపించుకునేవారు. నాలుగడుగుల వరండా దాటడానికి ఆ చీటీకి ఒక్కోసారి రెండు రోజులు పట్టేది.

క్రేనాయన వచ్చింది ఒక సోమవారం పొద్దున. నలభై ఎనిమిదేళ్ళుంటాయి. రేవులో అన్నిటికంటే ఎత్తైన క్రేను పందొమ్మిదేళ్ళుగా ఆయన చేతిలోనే ఉంది. వానలో కాలు జారి కిందపడ్డాడు, తలకు ఏడు కుట్లు పడ్డాయి. ఆ సోమవారం నుంచి తొంభై రోజుల్లోగా ఫిట్ అన్న కాగితం తెచ్చుకుంటే క్యాబిన్ మళ్ళీ ఆయనది. తేలేకపోతే ఇక శాశ్వతంగా కింద గేటు దగ్గర నిలబడి వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకోవాలి. ఓడల్లోంచి ఇంటి సైజు పెట్టెల్ని కోడిగుడ్డు దించినంత మెల్లగా దించిన మనిషి. ఆయనకు లారీల నంబర్లు రాసుకోవడమంటే ప్రాణం పోయినంత పని.

"తొమ్మిదింటికి రమ్మన్నాం. ఇప్పుడు టైమెంతయింది?" అంది ఆమె తలెత్తకుండానే.

"కింద ఈ కౌంటరంటే ఆ కౌంటరని తిప్పారు మేడమ్. నేనేం షికారుకెళ్ళలేదు."

మొదలే వంకరగా మొదలైంది. చుక్కలు కలపమంటే కలిపాడు, గుర్తులు వెతకమంటే వెతికాడు. రెండూ బాగానే చేశాడు కానీ చేస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. మధ్యలో ఫోను మోగింది. ఆమె కళ్ళురిమింది. ఆయన నింపాదిగా ఫోను ఆపి, జేబులో పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇవన్నీ చిన్నపిల్లల ఆటల్లా ఉన్నాయే! వీటితో నేను క్రేను నడపగలనో లేదో తెలిసిపోతుందా?"

"తెలుస్తుంది."

"ఎవరికి తెలుస్తుంది? మీరసలు డాక్టరే కాదటగా. కింద చెప్పారు."

ఆమె ముఖంలో ఒక్క గీత కూడా కదల్లేదు. కోపాన్ని ముఖం మీదికి రానివ్వకపోవడం ఆ వృత్తిలో మొదటి పాఠం, అందులో ఆమె ఆరితేరింది. లోపల మాత్రం సలసలా కాగింది. కాగుతూనే అంకెల పరీక్ష కాగితం తీసింది.

అంకెల పరీక్ష అంటే పెద్ద విద్యేం కాదు. పరీక్ష పెట్టేవాళ్ళు కొన్ని అంకెలు చదువుతారు, ఎదుటివాళ్ళు అవే అంకెలు తిరిగి అప్పజెప్పాలి. ముందు మూడు, తర్వాత నాలుగు, ఐదు, అలా పెంచుకుంటూ పోతారు. ఆ తర్వాత వెనక నుంచి ముందుకు చెప్పమంటారు. చదవడానికి మాత్రం ఒక కట్టుబాటుంది: సెకనుకొక అంకె. గొంతు ఎక్కకూడదు, దిగకూడదు. ఒకసారి చదివింది రెండోసారి చదవకూడదు. కొత్తవాళ్ళు వాచీ చూసుకుంటూ చదువుతారు. చేయి తిరిగినవాళ్ళకు ఆ నడక ఒంట్లోకి ఎక్కిపోతుంది. ఆమె వాచీ చూడటం మానేసి ఇరవై మూడేళ్ళయింది.

"అందలేదు. మళ్ళీ చెప్పండి," అన్నాడాయన, ఐదంకెల దగ్గర.

"మళ్ళీ చెప్పకూడదు."

"అంత గబగబా చెప్తే ఎలాగండీ?"

"అందరికీ చెప్పినట్టే మీకూ చెప్తున్నాను."

ముందుకు నాలుగంకెలు, వెనక్కి రెండు. అక్కడితో ఆయన పని అయిపోయింది. ఆ వయసువాళ్ళు ముందుకు ఆరు అవలీలగా చెప్తారు. కంపెనీ ఫారం ప్రకారం మూడు పరీక్షల్లో ఏ ఒక్కటి తప్పినా అన్‌ఫిట్టే.

"మీకు శ్రద్ధ నిలవడం లేదు," అంది ఆమె పెన్ను మూత పెడుతూ.

"నేను బాగానే ఉన్నానండీ. నాకేం తేడా తెలియట్లేదే?"

"తెలియదు. ఇలాంటి దెబ్బ తగిలితే ఆ మనిషికే తెలియదు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. అందుకే మేమున్నాం."

ఆయన అప్పటిదాకా బింకంగా కూర్చున్నవాడల్లా ఒక్కసారిగా చల్లబడ్డాడు. తన చేతుల వంక చూసుకున్నాడు. ఆమెకు అది నచ్చింది. దారికొచ్చాడనుకుంది. శ్రద్ధ దెబ్బతిన్నవాళ్ళలో చిరాకూ, ఎదురు మాట్లాడటమూ ఎక్కువగా ఉంటాయన్నది ఆమె ఏళ్ళ తరబడి తన గదిలో కళ్ళారా చూసిన సంగతి. దాని మీద రెండు సభల్లో మాట్లాడి చప్పట్లు కూడా కొట్టించుకుంది. ఇదిగో, ఇంకొకడు, అనుకుని ఫైలు పక్కన పెట్టింది.

ఐదు వారాల తర్వాత ఆయన భార్య రాసిన ఫిర్యాదు ఆసుపత్రికి చేరింది. ఆ ఇల్లాలు కోర్టులో స్టెనో. జడ్జీగారు ఎంత గడగడా చెప్పినా ఒక్క ముక్క జారకుండా రాసుకునే మనిషి. కాగితం అరపేజీకి మించలేదు. "నేను తలుపు బయట బెంచీ మీద కూర్చున్నాను. మేడమ్‌గారు చదివే అంకెలు లోపల నుంచి వినపడుతూనే ఉన్నాయి. ఊరికే కూర్చోలేక నేనూ మనసులో రాసుకోబోయాను. నాకే అందలేదు. అది పరీక్ష కాదు, వేలం పాట."

అది చదివి ఆమె అగ్గి మీద గుగ్గిలమయింది. స్టెనో వచ్చి నాకు పరీక్ష పెట్టడం నేర్పుతుందా అని అటెండరు ముందే అరిచింది. కానీ ఇలాంటి ఫిర్యాదు వస్తే ఇంకో సైకాలజిస్టు విచారించి నివేదిక ఇవ్వాలన్నది అక్కడి నియమం. గొడవలకు భయపడి ఫిట్‌నెస్ పరీక్షలన్నీ రికార్డు చేస్తారు కూడా. ఇంకో సైకాలజిస్టంటే ఇంకెవరు, ఎదురుగదాయనే. ఫైలు రకరకాల బల్లల మీద నిద్రపోయి ఆయన గదికి చేరేసరికి ఇంకో నాలుగు వారాలు గడిచాయి.

ఒక మంగళవారం చీటీ వచ్చింది. "రికార్డింగు విన్నాను. మీరూ వింటే మంచిది." తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమె ఆ నాలుగడుగులూ దాటింది. కూర్చోమని ఆయన అనలేదు, ఆమె కూర్చోలేదు.

ఆయన చేతి వాచీ విప్పి బల్ల మీద పెట్టి రికార్డింగు మొదలుపెట్టాడు. చుక్కలు ఎలా కలపాలో చెబుతున్న ఆమె గొంతు నిదానంగా, స్పష్టంగా ఉంది. తర్వాత క్రేనాయన గొంతు, మీరసలు డాక్టరే కాదటగా అని. ఆ తర్వాత అంకెలు. ఐదంకెలూ ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చిపడ్డాయి.

"రెండున్నర సెకన్లు," అన్నాడాయన. "ఐదు పట్టాలి."

"మెషీను తేడా అయ్యుంటుంది."

"చుక్కల దగ్గర లేని తేడా అంకెల దగ్గరే వచ్చిందా? అదే మెషీను మీద నా పరీక్షలూ ఉన్నాయి. వింటారా?"

"మీవి వినే ఖర్మ నాకింకా పట్టలేదు."

ఆయన నవ్వాడు.

"చూడండి. తప్పు జరిగిందని నేను రాస్తే, తొమ్మిదేళ్ళ కక్ష తీర్చుకున్నాడంటారు. అందరికంటే ముందు మీరే అంటారు. కాబట్టి నేను రాయను. శుక్రవారం నివేదిక ఇవ్వాలి. ఆలోగా మీ చేత్తో మీరు రాసుకుంటే సరి. లేదంటే రికార్డింగు స్పష్టంగా లేదని రాసేసి ఫైలు మూసేస్తాను. మీ పరువుకేం ఢోకా ఉండదు. ఆ క్రేనాయన గేటు దగ్గర లారీలు లెక్కపెట్టుకుంటాడు, అంతే."

"అంటే నా మెడకు నన్నే ఉరి వేసుకోమంటారు."

"నేనేమీ అనట్లేదు. మీరేం చేస్తారో చూడాలని మాత్రం ఉంది."

ఆమె తలుపు విసురుగా వేసి వచ్చేసింది. దారి పొడవునా ఆయన్ను తిట్టుకుంటూనే ఇల్లు చేరింది.

ఆమె భర్త ఈత కోచ్. ఆయన మెడలో స్టాప్‌వాచీ లేని రోజు ఉండదు. ఇంటికొచ్చాక కూడా దాన్ని తియ్యడం గుర్తుండదు. సాయంత్రం బాల్కనీలో తడి తువ్వాళ్ళు ఆరేస్తుంటే ఆమె వెళ్ళి జరిగిందంతా చెప్పింది. చెప్పి, పాత పేపరు మీద పది అంకెలు రాసుకుని, "పట్టండి వాచీ" అంది. చదివింది. ఆయన వాచీ తిప్పి చూపించాడు. సరిగ్గా పది సెకన్లు.

"చూశారా! ఆ మనిషిది ఒట్టి ఏడుపు."

ఆయన తువ్వాలు దులిపి తీగ మీద వేశాడు.

"చెప్పకూడదనుకున్నాను గానీ," అన్నాడు, "మీ ఎదురుగదాయన తన మనవణ్ణి మా కొలనులో చేర్పించాడు. మొన్న మాటల్లో నీ సంగతొచ్చింది. నీకు తెలివికి లోటు లేదట గానీ, డాక్టరు కాలేకపోయానన్న దిగులే నిన్ను తినేస్తోందట. పాపం అన్నాడు."

"పాపమా? వాడా? నన్నా?"

"చదువు," అన్నాడు భర్త.

"ఏం చదవాలి? వాడితో కూర్చుని నా గురించి..."

"ఆ పది అంకెలే. చదువు."

చదివింది. ఆయన వాచీ ఎత్తి పట్టుకున్నాడు. ఐదున్నర సెకన్లు. ఆమె వాచీ వంక, ఆయన ముఖం వంక మార్చి మార్చి చూసింది.

"అబద్ధం చెప్పారా?"

"ఆయన ముఖం కూడా నేనెరగను." తువ్వాళ్ళ బుట్ట చంకన పెట్టుకుని ఆయన లోపలికి నడుస్తూ గుమ్మంలో ఆగాడు. "మనం గొడవపడ్డప్పుడల్లా నువ్వన్న మాటల్లో సగం నాకు గుర్తుండవు. గుర్తులేదంటే దానికి మళ్ళీ గొడవ. ఇన్నేళ్ళూ నా బుర్రే మొద్దనుకున్నాను."

ఆమె బాల్కనీలో పీట లాక్కుని కూర్చుంది. ఎవరెవరో వరసగా కళ్ళముందుకొచ్చారు. కుర్చీలో కూర్చుని కాళ్ళాడించిన బస్సు డ్రైవరు. ప్రతి ప్రశ్నకూ ఎందుకని అడిగిన ల్యాబు ఉద్యోగిని. బల్ల మీద అరచేత్తో కొట్టిన వెల్డరు. తనకు ఒళ్ళు మండించినవాళ్ళందరూ అంకెల దగ్గరే తప్పారు. అణిగిమణిగి కూర్చున్నవాళ్ళందరూ గట్టెక్కారు. ఎదురు మాట్లాడేవాళ్ళకు శ్రద్ధ తక్కువని సభలెక్కి చెప్పింది. వాళ్ళకు తక్కువైంది శ్రద్ధ కాదు, ఆమె ఇచ్చిన సెకన్లు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులోనూ ఎదురుగదాయన మీద కోపం మాత్రం తగ్గలేదు.

గురువారం కాగితం రాసింది. "పరీక్ష పెట్టడంలో తప్పు జరిగింది. ఆ తప్పు నాది. ఫలితం చెల్లదు. పాత రికార్డింగులు కూడా వినవలసిందిగా కోరుతున్నాను." అటెండరు చేతికివ్వకుండా తనే తీసుకెళ్ళి ఎదురుగది బల్ల మీద పడేసింది. ఆయన చదివి ఏదో అనబోయాడు. "మీరు చూడాలనుకున్నది చూశారుగా, ఇక నోరు మూసుకోండి" అని వచ్చేసింది.

పెద్ద డాక్టరు పిలిచి గంటసేపు దులిపేశాడు. ఫిట్‌నెస్ పరీక్షలు ఆమె చేతి నుంచి తీసేశారు. క్రేనాయనకు ఎదురుగదాయన వేరే అంకెలతో మళ్ళీ పరీక్ష పెట్టాడు. ముందుకు ఏడు, వెనక్కి ఐదు. ఎనభై మూడో రోజున ఫిట్ అన్న కాగితం తయారైంది. పాత నివేదిక రద్దయిందని దాని కింద ఆమె సంతకం పెట్టడమొక్కటే మిగిలింది.

ఆ సంతకం కోసం మొగుడూ పెళ్ళాలిద్దరూ వచ్చారు. ఆమె ముందురోజు నుంచీ మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. ఇరవై ఆరేళ్ళలో ఆ కుర్చీలోంచి ఎవరికీ చెప్పని మాట అది. కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. భార్య తలుపు దగ్గరే నిలబడింది.

"తప్పు నాదేనండీ. ఆ రోజు మీ మీద కోపంతో గబగబా చదివాను. మీకు చాలా అన్యాయం చేశాను. క్షమించండి."

"సంతకం పెట్టండి మేడమ్," అన్నాడాయన.

పెట్టింది. "ఇంకేం భయం లేదు. మీ క్యాబిన్ మీకొచ్చేసినట్టే."

భార్య కల్పించుకుంది: "ఎదురుగది సారు ఫిట్ అని రాశారని తెలిసి, నిన్న ఊరికే ఎక్కి చూడమన్నారు మేడమ్, కంపెనీవాళ్ళు. ఎక్కారు."

"ఎక్కాను," అన్నాడాయన. "లివరు మీద చెయ్యి వేశాను. కింద పదిమంది నిలబడి ఉన్నారు. కొక్కెం సరిగ్గా పడిందా అని చూసుకున్నా. పడింది. మళ్ళీ చూసుకున్నా. నేను చూస్తున్నదే నిజమా, లేక నాకు తెలియకుండా ఏదైనా జారిపోతోందా? ఆ మనిషికే తెలియదన్నారుగా మీరు. గంటసేపు కూర్చున్నా. లివరు కదల్చలేకపోయాను. దిగొచ్చేశా."

"మీకేమీ లేదండీ. ఏడంకెలు చెప్పారు. మీ వయసుకు అది చాలా ఎక్కువ."

"మా ఆవిడ రోజూ చదివి చెప్పిస్తుంటే తొమ్మిది చెప్తున్నాను. అంకెలతో నాకేం పని?"

"ఇది భయం. దీనికి చికిత్స ఉంది. వారానికోసారి కూర్చుంటే రెండు నెలల్లో మామూలైపోతారు. కావాలంటే నేనే..."

మాట సగంలోనే ఆమెకు తనేం అంటోందో తెలిసింది. ఆయన ఆమె ముఖంలోకి సూటిగా చూశాడు. గొంతు పెంచలేదు.

"మీరు రాసింది మా ఆవిడ నమ్మలేదు మేడమ్. నేను నమ్మాను. మూడు నెలలుగా మా అమ్మాయిని స్కూటరు ఎక్కించుకోలేదు. పొయ్యి ఆపానా లేదా అని నాలుగేసి సార్లు వెళ్ళి చూస్తున్నాను. ఈ చేతుల్ని నేనే అనుమానించాను. అన్నాళ్ళూ మీరు డాక్టరా కాదా అని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఇప్పుడు మీరే, అదంతా ఉత్తదే, పోయి ఎక్కు అంటున్నారు. ఈ మాట మాత్రం ఏ ధైర్యంతో నమ్మమంటారు?"

ఆమె సంతకం పెట్టిన కాగితాన్ని ఆయన వైపు జరిపింది.

"గేటు పనికి పొద్దున్నే రాసిచ్చేశాను," అన్నాడాయన కాగితం అందుకుంటూ.

"అయ్యో! ఇంకా వారం గడువుందే! మరి ఈ కాగితం ఎందుకు తీసుకెళ్తున్నారు?"

"మా అమ్మాయికి చూపించాలి. వాళ్ళ నాన్నకు మతిపోయిందని బళ్ళో ఎవరో అన్నారట."

భార్య ఆ కాగితాన్ని మడత పడకుండా సంచీలోని ఫైల్లో పెట్టుకుంది. వెళ్ళొస్తామని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఆమె గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడిపోయింది. ఎదురుగది తలుపు సగం తెరిచే ఉంది. వరండా చివర క్రేనాయన ఒక చేత్తో గోడనీ, ఒక చేత్తో భార్య భుజాన్నీ పట్టుకుని, ఒక్కో మెట్టూ చూసుకుంటూ మూడంతస్తులూ దిగాడు.